గుడ్ ఫ్రైడే బన్నుకు బూజు పట్టదా? నాలుగు చీట్ల చిక్కు

సందేహి:
సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండులో గుడ్ ఫ్రైడే నాడు తినే హాట్ క్రాస్ బన్ను గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఎండుద్రాక్ష, దాల్చిన చెక్క, జాజికాయ వేసి తీయగా కాల్చే ఆ బన్ను పైన మైదా, నీళ్లు కలిపిన చిక్కని పిండితో శిలువ గీస్తారు. ఆ రోజున కాల్చిన బన్నుకు ఏడాది తిరిగినా బూజు పట్టదని అక్కడి పల్లెల్లో తరతరాలుగా నమ్మేవారు. అందుకే ఒక బన్నును వంటింటి దూలానికి వేలాడదీసి ఉంచి, ఇంట్లో ఎవరికైనా కడుపులో బాగోకపోతే కాస్త తురిమి నీళ్లలో కలిపి ఇచ్చేవారు. అది వెంట ఉంటే ఓడ మునగదని నావికులు కూడా నమ్మేవారట.

ఈ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని మీకొక చిక్కు ప్రశ్న వేస్తున్నాను. నా ముందు నాలుగు చీట్లు ఉన్నాయి. ఒక్కో చీటీ ఒక్కో బన్నుది. చీటీకి ఒక వైపున దాన్ని ఏ రోజు కాల్చారో, రెండవ వైపున ఏడాది తరువాత దానికి బూజు పట్టిందో లేదో రాసి ఉంది. ప్రస్తుతం పైకి కనిపిస్తున్నవి ఇవి: మొదటి చీటీ మీద "గుడ్ ఫ్రైడే", రెండవదాని మీద "వేరే రోజు", మూడవదాని మీద "బూజు పట్టలేదు", నాలుగవదాని మీద "బూజు పట్టింది". "గుడ్ ఫ్రైడే నాడు కాల్చిన బన్నయితే దానికి బూజు పట్టదు" అన్న మాట ఈ నాలుగు బన్నుల విషయంలో నిజమో కాదో తేల్చాలంటే తప్పనిసరిగా ఏయే చీట్లు తిప్పి చూడాలి? అనవసరంగా ఒక్కటి కూడా తిప్పకూడదు.

పిండివంట:
మొదటిదీ మూడవదీ తిప్పితే సరిపోతుందని నా అభిప్రాయం. గుడ్ ఫ్రైడే నాటి బన్ను ఏమయిందో చూడాలి, బూజు పట్టని బన్ను ఏ రోజుదో చూడాలి. ఆ రెండూ కలిస్తే నమ్మకం నిలబడినట్లే కదా.

గుంటూరులో చిన్న బేకరీ నడుపుతున్నదాన్ని గనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. బన్ను బూజు పట్టకుండా ఉండడం వింతేమీ కాదు. ఆహారంలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీటిని 0 నుంచి 1 వరకూ ఉండే ఒక కొలతతో లెక్కిస్తారు. తాజా రొట్టె లోపలి మెత్తని భాగంలో అది 0.95 దాపున ఉంటుంది. 0.8 కన్నా తగ్గితే చాలా రకాల బూజులు పెరగలేవు, 0.6 కన్నా దిగువకు పోతే ఏ సూక్ష్మజీవీ పెరగదు. పొయ్యి సెగ తగిలే దూలానికి వేలాడదీసిన చిన్న బన్నుకు అన్ని వైపుల నుంచీ గాలి ఆడుతుంది కాబట్టి, బూజు మొలకెత్తే లోపలే అది రాయిలా ఎండిపోతుంది. మన ఇళ్లలో టీలో ముంచుకునే రస్కు నెలల తరబడి నిలవ ఉండేది కూడా ఇందువల్లే. అదే బన్నును వేడి చల్లారక ముందే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి చూడండి, సంచి లోపల చెమ్మ చేరి, అడుగున ఆ తడి తగిలిన చోట మూడు నాలుగు రోజులకే తెల్లని నూగు కనిపిస్తుంది, ఆపైన అది పచ్చబడుతుంది.

లెక్కల మాస్టారు:
పిండివంట గారూ, తేమ సంగతి ఎంతో స్పష్టంగా చెప్పారు. చీట్ల విషయంలో మాత్రం నా లెక్క వేరుగా ఉంది. మొదటిదీ నాలుగవదీ తిప్పాలి.

మూడవ చీటీ వెనుక ఏమి ఉండగలదో ఆలోచించండి. "గుడ్ ఫ్రైడే" అని ఉంటే నియమానికి భంగం లేదు. "వేరే రోజు" అని ఉన్నా భంగం లేదు, ఎందుకంటే వేరే రోజుల్లో కాల్చిన బన్నులకు బూజు పట్టి తీరాలని ఆ నియమం ఎక్కడా అనడం లేదు. అంటే ఆ చీటీ ఎటు తిరిగినా మనకు తెలిసేది శూన్యం. నాలుగవ చీటీ అలా కాదు. బూజు పట్టిన ఆ బన్ను గుడ్ ఫ్రైడే నాటిదని తేలితే నియమం అక్కడితో కూలిపోతుంది. ఒకప్పటి పదో తరగతి గణితంలో ప్రవచనాల పాఠం, అంటే నిజమో అబద్ధమో చెప్పగల వాక్యాల పాఠం, చదివినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. ఒక నియమం నిజమైతే దాని ప్రతివర్తితం (బూజు పట్టిందంటే అది గుడ్ ఫ్రైడే నాటిది కాదు) కూడా నిజం కావాలి, విపర్యయం (బూజు పట్టలేదంటే అది గుడ్ ఫ్రైడే నాటిదే) మాత్రం నిజం కానవసరం లేదు. సత్యపట్టికలు తప్పు లేకుండా వేసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే ఇలాంటి చీట్ల ముందు తడబడడం నేను చాలాసార్లు చూశాను.

ఈ చిక్కును మొదట రూపొందించినవారు లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వాసన్. 1966లో ఆయన చూపిన రూపంలో అక్షరాలూ అంకెలూ ఉండేవి: ఒక వైపు అచ్చు ఉంటే రెండవ వైపు సరిసంఖ్య ఉండాలన్నది నియమం. పైకి కనిపించేవి ఒక అచ్చు, ఒక హల్లు, ఒక సరిసంఖ్య, ఒక బేసిసంఖ్య. బాగా చదువుకున్నవారిలో సైతం అచ్చునూ బేసిసంఖ్యనూ ఎంచుకున్నవారు సాధారణంగా పదింట ఒకరికి మించరు. ఎక్కువమంది ఎంచుకునేవి అచ్చు, సరిసంఖ్య, అంటే సరిగ్గా పిండివంట గారు ఎంచుకున్న జోడీ.

అంతకు ఆరేళ్ల ముందే, 1960లో, వాసన్ మరో ప్రయోగం చేశారు. 2, 4, 6 అన్న వరుస తన మనసులోని నియమానికి సరిపోతుందని చెప్పి, మరికొన్ని వరుసలు ప్రతిపాదించి ఆ నియమాన్ని కనిపెట్టమన్నారు. చాలామంది 8, 10, 12 వంటి వరుసలు అడిగి, ప్రతిదానికీ అవునన్న జవాబు విని, రెండేసి చొప్పున పెరిగే సరిసంఖ్యలేనని తేల్చేశారు. ఆయన మనసులోని నియమం కేవలం ఆరోహణ క్రమం. 1, 2, 3 అని ఒక్కసారి అడిగినా ఆ అనుమానం విడిపోయేది. మనకు తోచినదాన్ని బలపరిచే సాక్ష్యం కోసమే వెతికి, దాన్ని పడగొట్టగల సాక్ష్యం వైపు చూడకపోవడాన్ని నిర్ధారణ పక్షపాతం అంటారు.

న్యాయపథం:
మాస్టారు చెప్పిన ప్రతివర్తితం మన న్యాయదర్శనానికి, అంటే ప్రాచీన తర్కశాస్త్రానికి, కొత్తది కాదు. 17వ శతాబ్దంలో ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు, ప్రారంభ విద్యార్థుల కోసం రాసిన తర్కసంగ్రహంలో వ్యాప్తిని, అంటే రెండు విషయాల మధ్య తప్పని సంబంధాన్ని, రెండు విధాలుగా చూపించారు. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా, అన్నది అన్వయ వ్యాప్తి. నిప్పు లేని చోట పొగ కూడా ఉండదు, పెద్ద మడుగులో లాగా, అన్నది వ్యతిరేక వ్యాప్తి. మొదటి చీటీ అన్వయాన్ని పరీక్షిస్తే, నాలుగవ చీటీ వ్యతిరేకాన్ని పరీక్షిస్తుంది. కాశీకి పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు కాలేరని పండితుల్లో ఒక సామెత ఉంది కానీ, ఈ రెండు ఉదాహరణలు పట్టుకోవడానికి కాశీ దాకా పోనక్కరలేదు.

పిండివంట గారు తేమ గురించి చెప్పింది ఇంకా విలువైన విషయం అనిపిస్తోంది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది గానీ, నిప్పు ఉన్నంత మాత్రాన పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె తోడు కావాలి. ఆ తడి కట్టెను నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, "ఉపాధి" అన్నారు, అంటే పైకి కనిపించే సంబంధం వెనుక చెప్పకుండా దాగి ఉన్న షరతు. బన్ను కథలో ఆ ఉపాధి ఎండడమే. గుడ్ ఫ్రైడే నాటి బన్నును వేలాడదీశారు కాబట్టి అది ఎండింది, ఎండింది కాబట్టి బూజు పట్టలేదు. మిగతా రోజుల బన్నులను ఎవరూ వేలాడదీయలేదు, తినేశారు. కనుక రోజుకు దక్కిన కీర్తి నిజానికి దారానికి దక్కాలి.

ప్రవాసి:
నేను ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటున్నాను. ఇక్కడి సూపర్ మార్కెట్లలో కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకే హాట్ క్రాస్ బన్నులు అరల మీదకు ఎక్కుతాయి. పొట్లం మీద వేసే గడువు కొద్ది రోజులే. మా వీధిలో ఎవరూ ఇప్పుడు బన్ను వేలాడదీయడం లేదు గానీ, తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో విడోస్ సన్ అనే పబ్బులో మాత్రం ఈ ఆచారం మరొక రూపంలో నిలిచింది. సముద్రం మీదకు పోయిన కొడుకు గుడ్ ఫ్రైడేకు తిరిగి వస్తానంటే, ఒక వితంతువు అతని కోసం ఏటా ఒక బన్ను దాచేదని కథ. ఆ కథను తలచుకుంటూ ప్రతి గుడ్ ఫ్రైడేకూ ఒక నావికుడు వచ్చి, పైకప్పు నుంచి వేలాడే వలలో కొత్త బన్ను ఒకటి వేస్తాడు. పాతవి నల్లబడి, దుమ్ము పట్టి ఆ వలలోనే ఉంటాయి.

ఆ వలను చూసినవారికి బన్నులు చెడిపోవనే అనిపిస్తుంది. ఎక్కడైనా ఒక బన్ను కుళ్లిపోతే దాన్ని తీసి పారేస్తారు తప్ప ప్రదర్శనకు ఉంచరు కదా. నావికుల నమ్మకానికీ ఇదే వర్తిస్తుంది. మీలోస్‌కు చెందిన డయాగొరస్ అనే గ్రీకు నాస్తికుడి గురించి ప్రాచీన రోమన్ రచయిత సిసిరో ఒక ముచ్చట చెప్పారు. దేవతలకు మొక్కుకుని తుఫాను నుంచి బయటపడినవారు సమర్పించిన చిత్రాలను సమోత్రేస్ అనే గ్రీకు ద్వీపంలో ఒక మిత్రుడు చూపించి, దేవతల కృపకు ఇంతకన్నా రుజువు కావాలా అని అడిగితే, మునిగిపోయినవారి చిత్రాలు ఎక్కడా లేవు కదా అని డయాగొరస్ బదులిచ్చాడట. 1620లో ఇంగ్లీషు తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ కూడా ఇటువంటి కథనే ఉదాహరించారు. బన్ను జేబులో ఉండగానే మునిగిపోయిన నావికుడు ఏ రేవులోనూ దిగి, ఈ బన్ను పనిచేయలేదని సాక్ష్యం చెప్పలేడు.

ఇంకొక సంగతి. 1592లో లండన్ మార్కెట్ల అధికారి ఒక ఉత్తర్వు వేశారు. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, అంత్యక్రియలు, ఈ మూడు సందర్భాల్లో తప్ప మసాలా రొట్టెలు, బన్నులు అమ్మకూడదన్నది దాని సారాంశం. ఉల్లంఘిస్తే సరుకు స్వాధీనం చేసుకుని పేదలకు పంచేవారు.

సందేహి:
ప్రవాసి గారు అనుకోకుండా నాకు రెండవ ప్రశ్నను అందించారు. 1592లో మీరే ఆ మార్కెట్ అధికారి అనుకోండి. మళ్లీ నాలుగు చీట్లు. ఒక వైపు ఆ రొట్టెల వ్యాపారి ఏమి అమ్మాడో, రెండవ వైపు అది ఏ రోజో. కనిపిస్తున్నవి: "మసాలా బన్ను", "మామూలు రొట్టె", "గుడ్ ఫ్రైడే", "ఏ విశేషమూ లేని మంగళవారం". అంత్యక్రియల సంగతి పక్కన పెట్టండి. ఉల్లంఘన జరిగిందేమో తెలుసుకోవడానికి ఏవి తిప్పుతారు?

పిండివంట:
ఇందులో ఆలోచించడానికి ఏముంది? మసాలా బన్ను అమ్మినవాడు ఏ రోజు అమ్మాడో చూస్తాను, మంగళవారం అమ్మినవాడు ఏమి అమ్మాడో చూస్తాను. గుడ్ ఫ్రైడే నాడు వాడు ఏమి అమ్ముకుంటే నాకెందుకు?

లెక్కల మాస్టారు:
గమనించారా? తర్కం రూపంలో రెండు చిక్కులూ ఒక్కటే. మసాలా బన్ను అమ్మితే అది విశేష దినమై ఉండాలి. మొదటి దానిలో మూడవ చీటీని ఎంచుకున్నవారు ఇక్కడ అదే స్థానంలో ఉన్న "గుడ్ ఫ్రైడే" చీటీని నాకెందుకని పక్కకు నెట్టారు. ఈ తేడాను 1982లో రిచర్డ్ గ్రిగ్స్, జేమ్స్ కాక్స్ ఫ్లోరిడాలో చక్కగా చూపించారు. బీరు తాగుతున్న వ్యక్తికి 19 ఏళ్లు దాటి ఉండాలన్న నియమాన్ని ఇచ్చి, పోలీసు అధికారిగా ఊహించుకుని చీట్లు ఎంచుకోమంటే, విద్యార్థుల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా సరైన జవాబు చెప్పారు. అచ్చులూ సరిసంఖ్యలూ ఇస్తే మాత్రం వారూ అందరిలాగే తప్పారు.

పిండివంట:
మా బేకరీలో ఇది రోజూ జరిగేదే. కేకు పెట్టె మీద "ఎగ్‌లెస్" అన్న చీటీ అంటించారంటే లోపల గుడ్డు వేసిన కేకు ఉండకూడదు. సాయంత్రం కొట్టు కట్టే ముందు నేను రెండే చూస్తాను. చీటీ ఉన్న పెట్టెలు తెరిచి లోపలి కేకు చూస్తాను, గుడ్డు వేసిన ట్రే నుంచి తీసిన కేకులు ఏ పెట్టెల్లోకి వెళ్లాయో చూస్తాను. చీటీ లేని పెట్టెలను ముట్టుకోను, అందులో గుడ్డు ఉన్నా లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. ఈ మాట కొత్తగా చేరిన కుర్రవాడికి కూడా ఎవరూ నేర్పనక్కరలేదు. అలాంటప్పుడు మనుషులకు తర్కం రాదని ఎలా అంటాం?

లెక్కల మాస్టారు:
ఆ ప్రశ్న మీదనే శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదం నడిచింది. అనుమతి, బాధ్యత వంటి పరిస్థితులకు మన మనసులో అనుభవంతో ఏర్పడిన నమూనాలు ఉంటాయని, నియమం వాటిలో ఇమిడితే జవాబు దానంతట అదే తోస్తుందని 1985లో ప్యాట్రీషియా చెంగ్, కీత్ హోలియోక్ వాదించారు. మనిషి మెదడు పరిణామ క్రమంలో మోసగాడిని పసిగట్టడానికి ప్రత్యేకంగా తయారైందని, లాభం పొందినవాడు మూల్యం చెల్లించాలన్న రూపంలో నియమం ఉంటేనే ఈ చురుకుదనం కనిపిస్తుందని 1989లో లీడా కాస్మిడెస్ ప్రతిపాదించారు. పిండివంట గారి ఎగ్‌లెస్ పెట్టెలో లాభమూ మూల్యమూ లేవు, ఉన్నదల్లా కొనేవారి నమ్మకం చెడకుండా చూసుకునే జాగ్రత్త. అందుకే నా మొగ్గు మొదటి వాదం వైపు.

కాస్మిడెస్ చెప్పిన రూపానికి అచ్చంగా సరిపోయే ఉదాహరణ జర్మనీ పండుగ రొట్టెలోనే ఉంది. డ్రెస్డెన్ ప్రాంతపు క్రిస్మస్ రొట్టె స్టోలెన్ మొదట్లో నూనెతో చేసిన చప్పని ఉపవాసపు రొట్టె, ఎందుకంటే క్రిస్మస్‌కు ముందున్న ఆ ఉపవాస కాలంలో చర్చి వెన్నను నిషేధించింది. 1491లో పోప్ ఎనిమిదవ ఇన్నోసెంట్ లేఖ ద్వారా వెన్నకు అనుమతి ఇచ్చారు, దానికి ప్రతిగా ఫ్రైబర్గ్ చర్చి నిర్మాణానికి రుసుము కట్టాలి. వెన్న వాడితే రుసుము కట్టి ఉండాలి. వసూలు చేసేవాడు వెన్న వాడినవారినీ, రుసుము కట్టనివారినీ చూస్తాడు. రుసుము కట్టిన గృహస్థు వైపు నుంచి చూస్తే ఆసక్తి తారుమారవుతుంది. డబ్బు కట్టినా వెన్న వాడుకోనివ్వలేదా అన్నదే అతని ప్రశ్న, కనుక అతను మిగిలిన రెండు చీట్లు తిప్పుతాడు. చూసేవాడి స్థానం మారితే ఎంపిక ఇలా మారుతుందని 1992లో గెర్డ్ గిగరెంజర్, క్లాస్ హుగ్ ప్రయోగాలతో చూపించారు.

అరుదు:
చర్చ అంతా చదివాను. పిండివంట గారి మొదటి జవాబును అందరూ తొందరపడి కొట్టివేశారనిపిస్తోంది. 1994లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మైక్ ఓక్స్‌ఫర్డ్, నిక్ చేటర్ వేరే కోణం చూపించారు. బల్ల మీద నాలుగే చీట్లు ఉన్నప్పుడు మాస్టారి లెక్క తిరుగులేనిది. కానీ నిజ జీవితంలో మనం లోకంలోని అసంఖ్యాకమైన వస్తువుల నుంచి కొన్నింటినే ఎంచి చూస్తాం. గుడ్ ఫ్రైడే ఏడాదికి ఒక్క రోజు. ఏడాది పాటు బూజు పట్టని బన్నులూ అరుదే. బూజు పట్టిన బన్నులు కుప్పలు తెప్పలు. ఆ కుప్పలో నుంచి ఒకటి తీసి ఏ రోజుదని అడిగితే, నియమం నిజమైనా అబద్ధమైనా, దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు "వేరే రోజు" అనే. అంత శ్రమకు తెలిసేది అతి స్వల్పం. బూజు పట్టని అరుదైన బన్నును పట్టుకుని ఏ రోజుదని అడిగితే ఎక్కువ సమాచారం దొరుకుతుంది. అంటే మొదటిదీ మూడవదీ ఎంచుకోవడం వెనుక మామూలు బతుకులో పనికివచ్చే లెక్క ఒకటి ఉంది. ప్రయోగశాలలోని బల్ల మీద ఆ లెక్క సరిపడలేదంతే.

న్యాయపథం:
అరుదు గారి వాదంలో పస ఉంది. అయినా ఒక అభ్యంతరం. బూజు పట్టని అరుదైన బన్నులను ఏరి చూడడమే ప్రవాసి గారు వర్ణించిన వల చేసే పని కూడా. ఆ వలలోనివన్నీ గుడ్ ఫ్రైడే నాటివే, ఎందుకంటే అందులోకి వేరే రోజు బన్నును ఎవరూ వేయలేదు. నమూనా మన చేతికి ఎలా వచ్చిందో తెలియనప్పుడు అరుదైనదన్న ఒక్క కారణంతో దాన్ని నమ్మలేం.

సందేహి:
అయితే చీట్లు వదిలేసి బన్నులతోనే తేల్చుకుందాం. పిండివంట గారు అంగీకరిస్తే వచ్చే గుడ్ ఫ్రైడేకు ఒక పరీక్ష పెట్టవచ్చు. ఎలా చేయాలో మీరే చెప్పండి.

పిండివంట:
తప్పకుండా చేద్దాం. ఒకే కొలతలతో రెండు విడతలు కాలుస్తాను, ఒకటి గురువారం, ఒకటి శుక్రవారం. కిలో మైదాకు పంచదార, వెన్న, ఈస్టు, మసాలా అన్నీ తూచి ఒకే తీరున వేస్తాను. బజారు రొట్టెల్లో బూజును ఆలస్యం చేయడానికి కలిపే కాల్షియం ప్రొపియొనేట్ ఏ విడతలోనూ ఉండదు. బన్నుల పైన పాకం పూయడం కూడా మానేస్తాను, లేకపోతే చీమలే ముందు తీర్పు చెబుతాయి. ప్రతి విడతలోనూ సగం దారానికి వేలాడతాయి, సగం మూత బిగించిన స్టీలు డబ్బాల్లోకి వెళతాయి. న్యాయపథం గారు చెప్పిన ఉపాధి ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. వేలాడేవి రెండు రోజులవీ ఎండి, డబ్బాల్లోవి రెండు రోజులవీ బూజు పడతాయని నా అంచనా. కాకపోతే మా ఊళ్లో ఏప్రిల్ ఎండకు బన్నులు త్వరగా ఆరిపోతాయి, లండన్ చలిలో అలా కాదు. అందువల్ల ప్రవాసి గారు కూడా లెస్టర్‌లో అదే చేస్తే బాగుంటుంది.

ప్రవాసి:
చేస్తాను. మా వంటింట్లో పొయ్యి సెగ తగిలే దూలం లేదు కనుక కిటికీ పక్కన వేలాడదీస్తాను.

లెక్కల మాస్టారు:
రెండు షరతులు. బన్నులకు అంకెలు మాత్రమే వేయండి, ఏ అంకె ఏ రోజుదో రాసిన కాగితాన్ని కవరులో పెట్టి అతికించి సందేహి గారికి పంపండి, బూజును గుర్తించేవారికి ఆ సంగతి తెలియకూడదు. రెండవది, బూజు అంటే ఏమిటో ఇప్పుడే రాసుకోవాలి. భూతద్దం లేకుండా కంటికి కనిపించే నూగు, ఎంత చిన్నదైనా సరే, బూజు కిందే లెక్క. పైపెంకు మీద మైదా తెలుపును బూజని పొరబడకుండా, అనుమానం వచ్చిన చోట మర్నాడు మళ్లీ చూసి, ఆ మచ్చ పెరిగితేనే నమోదు చేయాలి.

పిండివంట:
సరే. అంకెలు వేసే పని మా కుర్రవాడికి అప్పగిస్తాను, కవరు కూడా వాడే అతికిస్తాడు, నేను చూడను.